తర్రెం ఏ దేశంలో ఉంది?

భద్రాచలం వైపు నుంచి ఒక పాఠకుడు ఉత్తరం రాశారు. రెండే వాక్యాలు. "గాజా మీద మీరు రాసినవన్నీ చదివాను. తర్రెం ఏ దేశంలో ఉందో మీ పేపరు వారికి తెలుసా?" కింద సంతకం ఉంది. పొగడ్త లేదు, తిట్టు కూడా లేదు.

ఇటువంటి ఉత్తరానికి సంజాయిషీ రాసి తప్పించుకోవడం పెద్ద పని కాదు. ఢిల్లీ విలేఖరి పని పార్లమెంటు, విదేశాంగ శాఖ అనీ, బస్తర్ వార్తలు చూసేవారు వేరే ఉన్నారనీ చెప్పవచ్చు. చెబుదామనే కూర్చున్నాను. అయితే ఎందుకైనా మంచిదని పాత వ్యాసాల కట్ట విప్పి 2021 మే నెల కాగితాలు చూశాను. చూశాక ఆ సంజాయిషీ రాయడానికి చేయి రాలేదు.

ఆ నెల 10న మొదలై 21న ఆగిన గాజా యుద్ధం పాఠకులకు గుర్తుండే ఉంటుంది. పదకొండు రోజుల్లో గాజాలో 250 మందికి పైగా, ఇజ్రాయిల్‌లో 13 మంది మరణించారు. ఆ పదమూడుగురిలో అష్కెలోన్‌లో ఒక వృద్ధురాలికి సేవ చేసి పెడుతున్న కేరళ మహిళ ఒకరు. 15వ తేదీన అసోసియేటెడ్ ప్రెస్, అల్ జజీరా కార్యాలయాలున్న భవనాన్ని ఇజ్రాయిల్ విమానాలు కూల్చివేశాయి. 16న భద్రతామండలిలో మన ప్రతినిధి తిరుమూర్తి మాట్లాడారు. అదే రోజు నెతన్యాహు తనకు అండగా నిలిచిన 25 దేశాల జెండాలు పేర్చి కృతజ్ఞతలు చెప్పగా, అందులో మన జెండా లేకపోవడం ఇక్కడ కొందరికి మనస్తాపం కలిగించింది. వీటన్నిటి మీదా నేను రాశాను. వరుసగా మూడు వారాలు రాశాను.

మే 17న సిలింగేర్‌లో కాల్పులు జరిగాయి. తర్రెం నుంచి ముందుకు సాగే దారిలో కొత్తగా పెట్టిన పోలీసు క్యాంపు వద్దని చుట్టుపక్కల గ్రామాల ఆదివాసులు వేల సంఖ్యలో గుమిగూడారు. పోలీసు కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు. వారు మావోయిస్టులని పోలీసులు, కాదు రైతులని గ్రామస్థులు చెప్పారు. నా కట్టలో దీని మీద ఉన్నది ఒక పేరా. అదీ వేరే విషయం మీద రాసిన వ్యాసం చివర, జాగా మిగిలితే అతికించినట్టు ఉంది.

కరోనా రెండో ఉప్పెన రోజులవి, పేజీలు తగ్గించి వేస్తున్నారన్న మాట నిజం. కాని గాజాకు జాగా దొరికింది కదా!

తర్రెం ఎక్కడో చెప్పాలి. ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాలో, బాసగూడ నుంచి జగర్గొండ వెళ్లే దారి మీద ఉంది. మన చర్ల మండలం సరిహద్దు దాటి అడవిలోకి వెళితే వచ్చే ప్రాంతం అది. అక్కడి జనం మన సంతలకు వస్తారు, మిరప కోతలకు ఖమ్మం వైపు దిగుతారు. 2021 ఏప్రిల్ 3న తర్రెం పేరు ఒక్కసారి ప్రపంచమంతా వినిపించింది. తర్రెం, ఉసూరు, పామేడు వంటి క్యాంపుల నుంచి బయలుదేరిన బలగాల మీద టేకల్‌గూడెం, జొనగూడ దగ్గర మావోయిస్టులు మాటు వేసి కాల్పులు జరిపారు. 22 మంది జవాన్లు మరణించారు. వారిలో ఎనిమిది మంది డీఆర్‌జీ వారు, అంటే బస్తర్ బిడ్డలే. ప్రముఖ విదేశీ వార్తా సంస్థలన్నీ ఆ వార్త ఇచ్చాయి. హోం మంత్రి అమిత్ షా రెండు రోజులకు బాసగూడ క్యాంపుకు వెళ్లివచ్చారు. ఇరవై రెండు అన్న అంకె పాతబడగానే తర్రెం మళ్లీ పటం మీద లేకుండా పోయింది. ఆరు వారాల తర్వాత, అక్కడికి దగ్గరలోనే మరో ముగ్గురు చనిపోయినప్పుడు ఆ అంకె ఢిల్లీని కదిలించేంత పెద్దది కాలేదు.

నేను చదివినది ఇంగ్లీషు సాహిత్యం. ఏజెన్సీ వార్తలను తెలుగు చేస్తూ ఈ వృత్తిలోకి వచ్చాను గనుక క్రియాపదాల మీద నాకు కొంచెం పట్టింపు ఉంది. 2023 అక్టోబరు 7 దాడి తర్వాత హమాస్ వారిని 'టెర్రరిస్టులు' అని తమ మాటగా అనబోమని బీబీసీ చెప్పినప్పుడు లండన్‌లో దుమారం రేగింది. వారి సీనియర్ విలేఖరి జాన్ సింప్సన్ ఆ విధానాన్ని సమర్థిస్తూ రాశారు. ఇజ్రాయిలీలు 'చంపబడ్డారు', పాలస్తీనీయులు 'మరణించారు' అని రాసే అలవాటు మీద పాశ్చాత్య పత్రికల్లో నడిచిన వాదోపవాదాలు కూడా మనం శ్రద్ధగా చదివాం, మన పేజీల్లో అనువదించి వేశాం. మన సొంత తెలుగు సంగతి ఏమిటి? జవానుకు 'వీరమరణం'. మావోయిస్టు 'హతం'. ఊరివాడు 'మృతి'. మొదటి వాడు ప్రాణం అర్పించాడు, రెండో వాడిని ఎవరో చంపారు, మూడో వాడి చావుకు కర్తే లేడు. జ్వరం వచ్చి పోయినా 'మృతి'యే, తూటా తగిలి పోయినా 'మృతి'యే. ఈ వర్గీకరణ ఏ ప్రభుత్వమూ మనకు ఉత్తర్వుగా పంపలేదు. డెస్కు మీద మనమే చేసుకున్నాం. అందులో నా చేతి రాత కూడా ఉంది.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. గాజా, బస్తర్ ఒకటని నేను అనడం లేదు. అనేవారున్నారు, ఇరుపక్షాల్లోనూ ఉన్నారు. ఆక్రమణ కింద, పౌరసత్వం లేకుండా, దిగ్బంధంలో బతికే జనం స్థితి వేరు. రాజ్యాంగం, ఓటు, రిజర్వుడు నియోజకవర్గం, సుప్రీంకోర్టు ఉన్న ఆదివాసి స్థితి వేరు. ఆ తేడా చిన్నది కాదు. నేను పోలుస్తున్నది ఆ రెండు చోట్లనూ కాదు, వాటిని చూసే మన చూపును.

ఢిల్లీ చూపు ఎలా మారుతూ వచ్చిందో ఒక తెలుగువాడి పేరు చెప్పకుండా చెప్పలేం. 1947లో పాలస్తీనా విభజనకు వ్యతిరేకంగా ఓటు వేసిన దేశం మనది. 1988లో పాలస్తీనా రాజ్యాన్ని గుర్తించాం. 1992 జనవరి 29న ఇజ్రాయిల్‌తో పూర్తి దౌత్య సంబంధాలు ప్రకటించినది పి.వి. నరసింహారావు ప్రభుత్వం. దానికి కొద్ది రోజుల ముందే అరాఫత్‌ను ఢిల్లీకి రప్పించుకుని, అవతలివారి చేత కాదనిపించుకోకుండా పని నడిపించడం పి.వి. మార్కు నేర్పు. అప్పటి నుంచి రెండు పడవల ప్రయాణం సాగుతోంది. 2023 అక్టోబరులో సమితి సర్వసభ్య సభలో గాజా తీర్మానంపై తటస్థం. డిసెంబరులో కాల్పుల విరమణకు అనుకూలం. 2025 జూన్‌లో మళ్లీ తటస్థం. సెప్టెంబరులో రెండు రాజ్యాల ప్రకటనకు అనుకూలం. హమాస్‌ను ఉగ్రవాద సంస్థగా ప్రకటిస్తారా అని 2023 డిసెంబరులో లోక్‌సభలో అడిగితే, జవాబు మీద పేరున్న సహాయ మంత్రి మీనాక్షి లేఖి అసలు ఆ కాగితం మీద తాను సంతకం చేయలేదన్నారు. పేరు సాంకేతికంగా మారిందని విదేశాంగ శాఖ సర్దిచెప్పుకుంది. నా పార్లమెంటు అనుభవంలో తల్లి ఎవరో తెలియని జవాబు అదొక్కటే.

ఈ ఓట్లలో నేను మరువలేనిది 2021 మే 27 నాటిది. గాజా, వెస్ట్ బ్యాంక్ సంఘటనలపై శాశ్వత విచారణ సంఘం వేయాలని జెనీవాలో మానవ హక్కుల మండలి తీర్మానించింది. అనుకూలం 24, వ్యతిరేకం 9, తటస్థం 14. ఆ పద్నాలుగులో మనం ఉన్నాం. పాలస్తీనా విదేశాంగ మంత్రి మల్కీ బాధ వ్యక్తం చేస్తూ మన మంత్రి జయశంకర్‌కు లేఖ రాశారు. సిలింగేర్ కాల్పులకు అప్పటికి పది రోజులు. బయటివారు వేసే విచారణ సంఘమంటే మన విదేశాంగ శాఖకు ఎప్పుడూ గుండెదడే. ఈ రోజు గాజాకు వచ్చినది రేపు మన గుమ్మం ఎక్కుతుందన్న భయం.

ఇంటి విచారణ మాత్రం ఏం సాధించింది? తర్రెం వెళ్లే దారిలోనే సార్కేగూడ ఉంది. 2012 జూన్ 28 రాత్రి అక్కడ 17 మంది గ్రామస్థులు భద్రతా దళాల కాల్పుల్లో మరణించారు. మావోయిస్టులను మట్టుబెట్టామన్నది మొదటి ప్రకటన. జస్టిస్ వి.కె. అగర్వాల్ కమిషన్ ఏడేళ్లు విచారించి, చనిపోయిన వారు మావోయిస్టులనడానికి సాక్ష్యం లేదని తేల్చింది. 2019 డిసెంబరులో నివేదిక శాసనసభ ముందుకు వచ్చింది. అక్కడితో అది లైబ్రరీ సరుకైంది.

ఇక మనకు కబురు తెచ్చిపెట్టేవారి సంగతి. గాజాలోకి విదేశీ విలేఖరులను స్వేచ్ఛగా పోనివ్వలేదు. అక్కడి నుంచి ప్రపంచం చూసినదంతా స్థానిక విలేఖరులు ప్రాణాలొడ్డి చూపినదే. వారిలో రెండు వందల మందికి పైగా మరణించారు. తర్రెంలోనూ అంతే. 2021 ఏప్రిల్‌లో మావోయిస్టులు పట్టుకున్న కోబ్రా జవానును, 91 ఏళ్ల గాంధేయవాది ధరంపాల్ సైనీ, గోండు సమాజం పెద్ద తెలం బోరయ్య, ఏడుగురు స్థానిక విలేఖరులు అడవిలోకి వెళ్లి, 8వ తేదీన తర్రెం క్యాంపుకు క్షేమంగా తెచ్చారు. ఆ ఏడుగురిలో బాసగూడలో పుట్టిన ముకేష్ చంద్రాకర్ ఒకడు. అతడిని మావోయిస్టులూ చంపలేదు, పోలీసులూ చంపలేదు. రోడ్డు పనుల అవినీతి మీద వార్త వచ్చాక 2025 కొత్త సంవత్సరం రోజున మాయమయ్యాడు. రెండు రోజుల తర్వాత బీజాపూర్‌లో సెప్టిక్ ట్యాంకులో శవం దొరికింది. ఒక కాంట్రాక్టరును పోలీసులు అరెస్టు చేశారు. ఢిల్లీలో కూర్చుని అతని వీడియోలు చూసి 'బస్తర్ నుంచి అందిన సమాచారం ప్రకారం' అని రాసుకున్న వారిలో నేనొకణ్ణి. అప్పుడు అతని పేరు రాయవచ్చుననే నాకు తోచలేదు.

పాలస్తీనా అన్న మాట మన సభలో ఎలా పలికిందో కూడా చూశాను. 2024 జూన్ 25న హైదరాబాద్ సభ్యుడు అసదుద్దీన్ ఒవైసీ ప్రమాణం ముగించి 'జై పాలస్తీనా' అన్నారు. గగ్గోలు రేగింది. ఆ మాట రికార్డుల్లోకి పోదని సభాధ్యక్ష స్థానంలో ఉన్న రాధామోహన్ సింగ్ చెప్పారు. అదే ఏడాది డిసెంబరులో ప్రియాంకా గాంధీ 'పాలస్తీనా' అన్న చేతిసంచీతో వచ్చారు. మర్నాడు సంచీ మీద బంగ్లాదేశ్ మారింది. అదే హైదరాబాద్‌లో 2018 డిసెంబరులో తెరిచిన అదానీ-ఎల్బిట్ కర్మాగారంలో హెర్మిస్ 900 డ్రోన్లు తయారవుతున్నాయి. వాటిలో ఇరవైకి పైగా ఇజ్రాయిల్‌కు వెళ్లాయని 2024 ఫిబ్రవరిలో పత్రికలు రాశాయి. నినాదం మీద జరిగిన రభసలో పదో వంతు ఆ వార్త మీద జరగలేదు. ఇజ్రాయిల్‌కు ఆయుధాల ఎగుమతి ఆపాలన్న పిటిషన్‌ను, విదేశాంగ విధానంలో జోక్యం చేసుకోబోమంటూ ఆ సెప్టెంబరులో సుప్రీంకోర్టు కొట్టివేసింది.

భద్రాచలం పాఠకుడికి నేను బాకీ పడినది ఇదంతా కాదేమో. ఆయన ప్రశ్న ఇంకా దగ్గరది. 2005లో సల్వాజుడుం మొదలైనాక తర్రెం, బాసగూడ పరిసరాల నుంచి వేలాది మంది ఊళ్లు విడిచి అప్పటి ఖమ్మం జిల్లాకు వచ్చారు. గుత్తికోయలని మనం పేరు పెట్టాం. సుప్రీంకోర్టు 2011 జూలైలో సల్వాజుడుంను తప్పుపట్టినా వారిలో చాలామంది వెనక్కి పోలేదు. అక్కడ షెడ్యూల్డు తెగ వారు. సరిహద్దు దాటాక ఆ గుర్తింపు లేదు. పోడు కొట్టుకుంటే అటవీ శాఖ గుడిసెలు పీకించిన సందర్భాలున్నాయి. నాటి దాడికి సారథిగా చెప్పిన హిడ్మా 2025 నవంబరు 18న మారేడుమిల్లి అడవుల్లో చనిపోయాడు. మావోయిజం అంతానికి కేంద్రం 2026 మార్చి 31ని గడువుగా పెట్టుకుంది. సిలింగేర్ నిరసన నుంచి పుట్టిన మూలవాసీ బచావో మంచ్‌ను 2024లో నిషేధించారు. పారిపోయి వచ్చినవారు తిరిగి వెళ్లడానికి మాత్రం ఎవరూ గడువు పెట్టలేదు. శరణార్థుల తిరిగి వెళ్లే హక్కు గురించి 1948 నాటి సమితి తీర్మానం సంఖ్య 194 అని నేను నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. చర్ల మండలంలో ఇటువంటి వలస గుంపులు ఎన్ని ఉన్నాయో చెప్పలేను.

లోక్‌సభలో ప్రశ్న వేయాలంటే కనీసం పదిహేను రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. భద్రాచలం మహబూబాబాద్ లోక్‌సభ నియోజకవర్గం కిందికి వస్తుంది. 2005 తర్వాత బస్తర్ నుంచి తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లకు వచ్చిన కుటుంబాలెన్ని, వారిలో తిరిగి వెళ్లినవారెందరు, వెళ్లగోరేవారికి వారి భూములు చూపిస్తారా, ఉండిపోయేవారికి ఏ గుర్తింపు ఇస్తారు అని హోం శాఖను, గిరిజన శాఖను అడుగుతూ ఒక ముసాయిదా రాసి పెట్టాను. సభ్యులెవరైనా సంతకం చేసి పంపవచ్చు. నా పేరు అక్కరలేదు.