పత్తి వారిది, ధర పెత్తనం అమెరికాది

వరంగల్ ఏనుమాముల మార్కెట్లోనైనా, ఆదిలాబాద్ యార్డులోనైనా, ఆదోనిలోనైనా మన పత్తి కాంటా ఎక్కకముందే దాని ధర ఎక్కడో ఖాయమైపోతోంది. ‘అంతర్జాతీయ మార్కెట్ పడిపోయింది’ అని వ్యాపారి ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటాడు. ఆ మార్కెట్‌ను ఎవరు పడగొట్టారో చెప్పడు. దీనికి జవాబు కావాలంటే మనం ఒకసారి ఆఫ్రికా పత్తి రైతుల వైపు చూడాలి. మనకు జరుగుతున్నదే వారికి అంతకుముందే, ఇంకా ఘోరంగా జరిగింది.

నేల మీద తెల్ల బంగారం, నేల కింద పసుపు బంగారం

బెనిన్, బుర్కినా ఫాసో, మాలి, చాద్. పశ్చిమ, మధ్య ఆఫ్రికాలోని ఈ నాలుగు దేశాలకూ పత్తే ప్రధానమైన వాణిజ్య పంట. ఆ ప్రాంతంలో సుమారు కోటి మంది బతుకు పత్తి మీద ఆధారపడి ఉంది. కొద్దిపాటి కమతాలు, వర్షాధార సేద్యం, ఎడ్ల అరకలు, ఇంటిల్లిపాదీ కలిసి చేత్తో ఏరే పత్తి. మన మెట్ట ప్రాంతాల సేద్యానికీ దానికీ పెద్ద తేడా లేదు. చేత్తో ఏరిన పత్తి కాబట్టి నాణ్యతకూ లోటు లేదు.

ఇవి వనరులు లేని దేశాలు కావు. మాలి, బుర్కినా ఫాసో ఆఫ్రికాలో పెద్ద ఎత్తున బంగారం తవ్వుతున్న దేశాల్లో ఉన్నాయి. చాద్‌లో చమురు ఉంది. ప్రపంచ బ్యాంకు మద్దతుతో, అమెరికా చమురు కంపెనీ నాయకత్వంలో వేయి కిలోమీటర్లకు పైగా పైపులైను వేసి 2003 నుంచి ఆ చమురును కామెరూన్ తీరానికి తరలిస్తున్నారు. అయినా ఐక్యరాజ్య సమితి 2025లో ప్రకటించిన మానవాభివృద్ధి సూచికలోని 193 దేశాల్లో మాలి, బుర్కినా ఫాసో, చాద్ చివరి పది స్థానాల్లోనే ఉన్నాయి.

‘అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని’ అనే సామెత చెప్పి దీన్ని జాతకంగా కొట్టిపారేయవచ్చు. కానీ ఇది జాతకం కాదు. మనుషులు కూర్చుని రాసుకున్న వాణిజ్య నిబంధనల ఫలితం.

ఇరవై ఐదు వేల మంది కోసం

అమెరికాలో పత్తి రైతులు ఆనాటి లెక్కల ప్రకారం సుమారు 25 వేల మంది. అక్కడి ప్రభుత్వం పత్తికి ఒక ఆధార ధరను చట్టంలోనే రాసి పెట్టింది. మార్కెట్ ధర అంతకంటే తగ్గితే తేడాలో పెద్ద భాగాన్ని ఖజానా నుంచి చెల్లిస్తుంది. అందువల్ల ధర ఎంత పడినా అక్కడ సాగు తగ్గాల్సిన అవసరం రాదు. పండిన పత్తిలో అత్యధిక భాగం విదేశాలకు పోతుంది. దశాబ్దాల పాటు ప్రపంచంలో అతి పెద్ద పత్తి ఎగుమతిదారు అమెరికాయే. అంత సరుకు ఖర్చుతో నిమిత్తం లేకుండా మార్కెట్లోకి వచ్చి పడితే ధర అందరికీ పడుతుంది. అమెరికా రైతుకు ఆ నష్టం ఖజానా నుంచి పూడుతుంది. మాలి రైతుకు పూడ్చేవారెవరు?

2001-02లో ప్రపంచ పత్తి ధర పౌను దూదికి సుమారు 42 సెంట్లకు పడిపోయింది. మూడు దశాబ్దాల్లో అంత తక్కువ ధర ఎన్నడూ లేదు. ఆ ఏడాది అమెరికా తన పత్తి రైతులకు ఇచ్చిన సబ్సిడీ సుమారు 300 కోట్ల డాలర్లు. అది బుర్కినా ఫాసో అనే మొత్తం దేశపు ఏడాది ఆదాయానికి దాదాపు సమానం. ఇక మాలిలో ఏం జరిగింది? అక్కడ రైతుకు ప్రభుత్వ పత్తి కంపెనీ ముందుగా ప్రకటించిన ధర ఇచ్చేది. దాన్ని ప్రపంచ ధరకు ముడిపెట్టాలని అప్పులిచ్చిన సంస్థలు పట్టుబట్టాయి. దాంతో కిలో పత్తికి 210 ఫ్రాంకులు ఉన్న ధర 2005లో 160 ఫ్రాంకులకు దిగింది. అమెరికాలో ఆధార ధర ఉండవచ్చు, మాలిలో మాత్రం ఉండకూడదు. తనకో న్యాయం, పరాయికో న్యాయం అంటే ఇదే.

కాన్‌కూన్‌లో దొరికిన జవాబు

ఆ దేశాలు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 2003లో నాలుగూ కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థ ముందు పత్తి సబ్సిడీలు రద్దు చేయాలని, అప్పటిదాకా జరుగుతున్న నష్టానికి పరిహారం ఇవ్వాలని కోరాయి. మాలి, బుర్కినా ఫాసో అధ్యక్షులు ఇదే విషయాన్ని అమెరికా పత్రికలో వ్యాసం రాసి మరీ వినిపించారు. వారు అడిగింది దానం కాదు. మీరు మాకు నేర్పిన స్వేచ్ఛా వాణిజ్యాన్ని మీరూ పాటించండి అన్నారు, అంతే. ఆ సెప్టెంబరులో మెక్సికోలోని కాన్‌కూన్ మంత్రుల సమావేశం ముందుకొచ్చిన ముసాయిదాలో సబ్సిడీల రద్దు లేదు. పత్తి మీద ఆధారపడకుండా ఇతర రంగాలకు మళ్లడానికి సాయం చేస్తామన్న మాట ఉంది. అంటే, సబ్సిడీ మేం మానం, సాగు మీరు మానండి అని అర్థం. ఆ సమావేశం ఒప్పందం లేకుండానే ముగిసింది. 2005 హాంకాంగ్ సమావేశంలో పత్తి ఎగుమతి సబ్సిడీలను ఎత్తివేస్తామని ధనిక దేశాలు ఒప్పుకున్నాయి. అసలు బరువైన దేశీయ సబ్సిడీల కోత మాత్రం నేటికీ తేలలేదు.

బ్రెజిల్ మరో దారి పట్టింది. 2002లో అమెరికా మీద ఫిర్యాదు చేసింది. 2004లో, మళ్లీ అప్పీలులో 2005లో గెలిచింది. అమెరికా సబ్సిడీలు నిబంధనలకు విరుద్ధమని తేలింది. ప్రతీకారంగా అమెరికా సరుకులపై సుంకాలు వేసే హక్కు 2009లో బ్రెజిల్‌కు దక్కింది. అప్పుడు అమెరికా ఏం చేసింది? సబ్సిడీలు మానుకోలేదు. 2010లో బ్రెజిల్ పత్తి రంగానికి ఏటా 14.73 కోట్ల డాలర్లు చెల్లిస్తామని బేరం కుదుర్చుకుంది. 2014లో మరో 30 కోట్ల డాలర్లు ఇచ్చి ఫైలు మూయించింది. అదే కేసులో బెనిన్, చాద్ కూడా తమ గోడు వినిపించాయి. వాటికి పైసా దక్కలేదు. అమెరికా సరుకుపై చాద్ సుంకం వేస్తే అమెరికాకు చీమ కుట్టినట్టయినా ఉండదు కాబట్టి. గెలిచిన న్యాయం కూడా బలం ఉన్నవాడికే అమలవుతుందని ఆ కేసు తేల్చింది.

దూది వెళ్తుంది, పాత బట్ట వస్తుంది

ధర ఒక్కటే సమస్య కాదు. కిలో దూదితో మూడు నాలుగు చొక్కాలు తయారవుతాయి. లాభమంతా ఆ వడకడంలో, నేయడంలో, కుట్టడంలో, పేరు తగిలించి అమ్మడంలో ఉంది. ఆ నాలుగు దేశాల దూదిలో అత్యధిక భాగం బేళ్లుగానే ఓడలెక్కి ఆసియా మిల్లులకు పోతోంది. మరోవైపు ధనిక దేశాల్లో వాడి పారేసిన బట్టలు బెనిన్‌లోని కొటోనూ రేవులో బేళ్లుగా దిగుతాయి. ముడిసరుకుకు తక్కువ సుంకం, తయారైన వస్తువుకు ఎక్కువ సుంకం అన్నది ధనిక దేశాల పాత పద్ధతి. మనకు ఇది కొత్త కాదు. మన నేలపై పత్తి పండి, బందరు అద్దకాలు సముద్రాలు దాటిన కాలం ఒకటుంది. తర్వాత దొరల పాలనలో దూది మాంచెస్టర్‌కు పోయి, మిల్లు బట్టై తిరిగొచ్చి మన మగ్గాల నోరు కొట్టింది.

ఈ గొలుసును తెంచాలని బుర్కినా ఫాసోలో థామస్ శంకరా ప్రయత్నించాడు. 1983 నుంచి 1987 వరకు ఉన్న ఆయన ప్రభుత్వం స్థానికంగా నేసిన ‘ఫాసో దాన్ ఫానీ’ నూలు బట్టలే ఉద్యోగులు కట్టాలని చెప్పింది. విదేశీ అప్పులు కట్టేది లేదని ఆఫ్రికా దేశాలన్నీ కలిసి చెప్పాలని ఆయన 1987 జులైలో పిలుపునిచ్చాడు. ఆ అక్టోబరులోనే హత్యకు గురయ్యాడు.

ఆ దేశాల పేదరికానికి పాలకుల అవినీతి, సైనిక కుట్రలు, అంతర్యుద్ధాలు కారణం కాదా అని అడిగేవారున్నారు. అవీ కారణాలే. చాద్ చమురు డబ్బును పేదల కోసం ఖర్చు చేస్తామన్న మాట తప్పింది ఆ దేశ పాలకులే. కానీ పాలకులు ఎంత మంచివారైనా, ఖర్చుకంటే తక్కువకు అమ్ముడుపోయే పంటతో ఏ రైతూ బాగుపడడు. రైతు చేతికి డబ్బు రాని దేశంలో బడి, ఆసుపత్రి నిలబడవు.

ఈ కథ మన గడప దాకా

మనకూ దీనికీ ఏం సంబంధం? 2018 నవంబరులో అమెరికా ప్రపంచ వాణిజ్య సంస్థలో భారత్ మీద ఒక పత్రం దాఖలు చేసింది. పత్తికి మనం ఇస్తున్న మద్దతు ధర, అనుమతించిన 10 శాతం పరిమితిని ఎన్నో రెట్లు మించిపోయిందని దాని ఆరోపణ. ఆ లెక్క కట్టడానికి నిబంధనల ప్రకారం 1986-88 నాటి ధరలను ప్రాతిపదికగా తీసుకుంటారు. అప్పటి విత్తనం ధర ఎంత, డీఏపీ బస్తా ఎంత, పత్తి ఏరే కూలి ఎంత? నేటి మద్దతు ధరను ఆనాటి ధరతో పోలిస్తే అంతా సబ్సిడీగానే కనబడుతుంది.

2025 ఆగస్టులో మనపై 50 శాతం సుంకం విధించింది కూడా ఆ అమెరికాయే. అదే నెల 19న మన కేంద్ర ప్రభుత్వం పత్తి దిగుమతిపై ఉన్న 11 శాతం సుంకాన్ని ఎత్తివేసింది. మొదట సెప్టెంబరు 30 వరకే అని చెప్పి, తర్వాత డిసెంబరు 31 దాకా పొడిగించింది. సరిగ్గా మన పత్తి మార్కెట్‌కు వచ్చే నెలలవి. ఆ సీజనుకు పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు రూ.8,110. కానీ సీసీఐ కేంద్రంలో తేమ 12 శాతం దాటితే కొనరు. అక్కడ కొనని పత్తి ప్రైవేటు వ్యాపారి చేతికే పోవాలి. అతని చేతిలో అప్పటికే చౌక దిగుమతి అనే ఆయుధం ఉంది. అదే సంవత్సరం అమెరికా చేసిన చట్టం తన పత్తి రైతుల ఆధార ధరను పౌనుకు 36.7 సెంట్ల నుంచి 42 సెంట్లకు పెంచింది. వారు కంచె ఎత్తు పెంచుకున్నారు. మనం మన కంచె పీకేశాం.

మాలి రైతు మనకు పోటీదారు అని కొందరు చెబుతారు. అతని పత్తి తక్కువకు పోతే మన ధరా పడుతుంది. మన ధర పడితే అతనిదీ పడుతుంది. లాభపడేది ఇద్దరి దగ్గరా కొనే బేరగాడే. అందుకే మన డిమాండ్లు అతని డిమాండ్లతో కలవాలి. ఏ ఒప్పందం పేరుతోనైనా పత్తిపై దిగుమతి సుంకాన్ని తీసేయకూడదు. స్వామినాథన్ కమిషన్ చెప్పినట్టు సమగ్ర ఖర్చుపై 50 శాతం కలిపి మద్దతు ధర నిర్ణయించి, దానికి చట్టబద్ధత కల్పించాలి. 1986-88 నాటి ధరల లెక్కను రద్దు చేయించడానికి, ధనిక దేశాల పత్తి సబ్సిడీలను ఆపించడానికి మన ప్రభుత్వం ఆఫ్రికా దేశాల పక్కన నిలబడి పోరాడాలి.

ఈ మూడు డిమాండ్లను ప్రతి గ్రామ శాఖలో చర్చించి తీర్మానాలు చేయాలి. వాటిని మండల కేంద్రాల్లో అధికారులకు, ఓట్లడగడానికి వచ్చే నాయకులకు అందజేయాలి. పత్తి ధర ఎందుకు పడిందని వ్యాపారిని అడిగితే అంతర్జాతీయ మార్కెట్ పేరు చెబుతాడు. ఆ మార్కెట్‌కు మన గడప తలుపు తీసిందెవరని పాలకులను మనమే అడగాలి.