వైద్యుని మాట: రెండు ఈగలు, ఒకటే పేరు

ఒక సోదరి అడిగారు: “డాక్టరుగారూ, పత్రికల్లో స్క్రూవార్మ్ అని రాస్తున్నారు. మన పల్లెల్లో పశువుల పుండ్లలో పడే పురుగేనా అది?”

చుట్టమేగాని అది కాదండీ. మన వైపు గేదె పుండులో పురుగు పడితే సీతాఫలం ఆకు నూరి పెడతారు. ఆ పురుగుల్లో ముఖ్యమైనది క్రైసోమియా బెజ్జియానా అనే ఈగ పిల్ల. అమెరికా ఖండాలలో ఉన్నది వేరు: కాక్లియోమియా హోమినివొరాక్స్. రెండూ బతికున్న మాంసాన్నే తింటాయి. 1858లో ఫ్రెంచి వైద్యుడు కోక్రెల్, ఫ్రెంచి గయానాలో రోగుల ముక్కుల్లో దొరికిన పురుగులను బట్టి ఈ పేరు పెట్టాడు. మనిషిని తినేది అని దాని అర్థం.

చిక్కంతా తర్వాత వచ్చింది. ఇక్కడే మసెల్లారియా అనే మరో ఈగ ఉంది. అదే నీలిపచ్చ మెరుపు, వీపుమీద అవే మూడు చారలు. కాని అది ముఖ్యంగా చచ్చిన మాంసం మీద బతుకుతుంది. రెండూ ఒకటేనని చాలాకాలం నమ్మారు. అందుకే పశువుల కళేబరాలు తగలబెట్టమని రైతులకు చెప్పేవారు. అసలు శత్రువు బతికున్న పశువు పుండులో క్షేమంగా పెరుగుతూనే ఉంది!

1933లో కుషింగ్, పాటన్ అనే ఇద్దరు మగ ఈగల జననాంగాలను సూక్ష్మదర్శినిలో పోల్చి, ఇవి రెండు జాతులని తేల్చారు. ఈ పాటన్ అంతకుముందు మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసినవాడే. శత్రువెవరో తెలిశాక దాని గుట్టూ తెలిసింది: ఆడ ఈగ సాధారణంగా ఒక్కసారే జత కడుతుంది. వికిరణంతో గొడ్రాళ్ళను చేసినట్టు మగ ఈగలను నిస్సారం చేసి వదిలితే గుడ్లు పొదగవని నిప్లింగ్ ఊహించాడు. 1954లో కురసావ్ దీవిలో అది రుజువైంది. 1966లో అమెరికా ఈ పీడ వదిలిందని ప్రకటించింది. అయితే 2023 నుంచి మధ్య అమెరికాలో మళ్ళీ విజృంభించి, 2024 నవంబరులో మెక్సికో చేరింది.

కనుక ఆ దేశాలకు వెళ్ళేవారు చిన్న గీతనైనా కడిగి కట్టు కట్టుకోండి. పుండు నొప్పెక్కి, వాసన వేసి, లోపల కదిలినట్టుంటే వెంటనే వైద్యుని చూడండి. బయటపడ్డ పురుగులను పారేయకండి. ఆల్కహాలులో వేసి మూత బిగించి తీసుకెళ్ళండి. ఎదిగిన పురుగు తోకవైపు లోపల రెండు నల్లటి శ్వాసనాళాలు కనిపిస్తాయి. నిపుణుడు దాని జాతి చెప్పేది వాటిని చూసే.