మోకాలు మార్చుకున్నాక బండెక్కొచ్చా?

మోకాలి మార్పిడి చేయించుకున్నవాడు మళ్ళీ మోటార్‌సైకిలు నడుపుతానంటే మనవాళ్ళు రెండే మాటలంటారు. "ఈ వయసులో నీకెందుకయ్యా బండి?" అనేది ఒకటి. "డాక్టరుగారు ఆరు వారాలన్నారుగా, ఇంకేం, ఎక్కెయ్" అనేది రెండోది. నా ఎడమ మోకాలి ఆపరేషన్ తరవాత రెండూ బోలెడన్నిసార్లు విన్నాను. నా మటుకు నాకు రెండూ నచ్చలేదు. చూడాల్సింది వయసూ కాదు, వారాలూ కాదు. ఆ కాలు ఏం చెయ్యగలదో చూడాలి.

"కింద కూర్చోలేనివాడివి బండేం నడుపుతావ్?" అన్నవాళ్ళూ ఉన్నారు. పీట మీద కూర్చోవాలంటే మోకాలు బాగా మడవాలి. కొత్త మోకాలు చాలామందిలో 110, 120 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. నిటారుగా కూర్చుని నడిపే బండికి అంత వంపు అక్కర్లేదు. కాళ్ళు వెనక్కి ముడిచి పెట్టే స్పోర్ట్స్ బైకుల సంగతి వేరనుకోండి.

ఇక వారాల లెక్క. ఎన్‌హెచ్‌ఎస్ మామూలుగా చెప్పే 4 నుంచి 6 వారాలు కారు గురించి. కారు ఆగితే పడిపోదు. బండి పడుతుంది! ఇప్పటి బళ్ళకి గేర్లు ఎడమ కాలికి, వెనక బ్రేకు కుడి కాలికి. ఎత్తు మీద సిగ్నల్ పడిందంటే కుడి కాలు బ్రేకు మీద, రెండొందల కిలోల బరువు ఎడమ కాలి మీద. అంచేత ఏ కాలికి ఆపరేషనైంది అన్నది పెద్ద ప్రశ్నే. కుడివైపు గేర్లుండే పాత బుల్లెట్టయితే లెక్క తిరగబడుతుంది, పైగా కిక్కు కొట్టేదీ కుడి కాలితోనే. కొత్త మోకాలి చుట్టూ ఎముక విరిగితే దాన్ని బాగుచెయ్యడం మామూలు విరుగుడంత తేలిక కాదు. కాబట్టి భయపడేవాళ్ళ భయం ఊరికే పోయేది కాదు.

పోనీ ప్రభుత్వం ఆపుతుందా అంటే, ఆపరేషనైన మూడు నెలలకీ నడపలేకపోతేనే డీవీఎల్‌ఏకి చెప్పమంటారు. ఈలోపు బాధ్యతంతా మనదే. ఇన్సూరెన్సువాళ్ళకో మాట చెప్పడం, మత్తు కలిగించే నొప్పి మాత్రలు వేసుకుని బండి ముట్టకపోవడం కూడా మన పనులే. ఇంగ్లండు, వేల్సుల్లో 2015 నుంచి మార్ఫిన్ లాంటి మందులకి రక్తంలో పరిమితులున్నాయి.

మరి కాలు సిద్ధమైందని ఎలా తెలుస్తుంది? కొలబద్ద ఇక్కడే ఉంది. 2009 నుంచి బ్రిటన్‌లో మోటార్‌సైకిల్ పరీక్ష రెండు భాగాలు. మొదటి భాగంలో ముందు బండిని స్టాండు తీసి చేత్తో తోసుకెళ్ళి మళ్ళీ స్టాండెయ్యాలి. తరవాత ఎనిమిది అంకె తిప్పడం, నడక వేగంతో పోవడం, యూ టర్ను, గంటకి 50 కిలోమీటర్ల వేగంలో ఉన్నట్టుండి బ్రేకెయ్యడం. సర్జనూ ఫిజియోథెరపిస్టూ సరేనన్నాక, ఏదైనా శిక్షణ స్కూల్లో ఒక గంట తీసుకుని ఇవన్నీ చేసి చూడండి. వద్దంటున్న ఇంటావిడనీ తీసుకెళ్ళండి. స్టాండు దగ్గరే కాలు వణికితే వాదన అక్కడితో సరి. అప్పుడు తేలికపాటి బండో, ఇంకో రెండు నెలల వ్యాయామమో, లేదా కారో. అన్నీ చెయ్యగలిగితే మాత్రం వయసు పేరు చెప్పి ఆపే హక్కు ఎవరికీ లేదంటాను.

ఈ మాట ఊళ్ళో ఉన్న నాన్నలకీ వర్తిస్తుంది. మోకాలి ఆపరేషను కాగానే ఇక్కణ్ణించి ఫోన్ చేసి "ఆ స్కూటరు అమ్మెయ్ నాన్నా" అనేస్తాం. ఆయనకి ఆ స్కూటరంటే కూరల బజారు, బ్యాంకు, సాయంత్రం స్నేహితులు. అది పోతే ప్రతిదానికీ ఇంకొకళ్ళని అడగాలి. అమ్మించే ముందు ఒక్కసారి, పక్కన ఎవరినైనా నిలబెట్టి, స్కూటరు స్టాండు తీసి వెయ్యమనండి. తాళాలు ఎవరి దగ్గరుండాలో ఆయన కాలే చెబుతుంది, మనం కాదు.