పేరు ఎక్కించినవారిదే తీసేసే బాధ్యత

2025 జనవరి 7న ఢిల్లీ భారత్ మండపంలో కేంద్ర హోంమంత్రి అమిత్ షా, విదేశీ పోలీసుల సాయం కోరడానికి ఉద్దేశించిన ‘భారత్‌పోల్’ పోర్టల్‌ను ప్రారంభించారు. సరిగ్గా పదకొండు రోజులకు, జనవరి 18న, మన దుర్గ్ స్టేషన్‌లో ఆగిన జ్ఞానేశ్వరి ఎక్స్‌ప్రెస్ జనరల్ బోగీలోంచి ఆర్‌పీఎఫ్ వాళ్లు ఒక డ్రైవర్ని దింపి కూర్చోబెట్టారు. ముంబయిలో నటుడు సైఫ్ అలీఖాన్‌ను కత్తితో పొడిచింది ఇతడేనని అనుమానం. ముంబయి పోలీసులు పంపిన ఫోటోతో ఇతని ముఖం సరిపోయిందనుకున్నారు. సాయంత్రానికల్లా అతని బొమ్మ దేశమంతా టీవీల్లో తిరిగింది. ఠాణేలో మరొకరిని అరెస్టు చేశాక మర్నాడు ఇతణ్ణి వదిలేశారు. పెళ్లిచూపులకని బయల్దేరిన మనిషి. సంబంధం తప్పిపోయిందని, ఉద్యోగం కూడా ఊడిందని తర్వాత విలేకరులకు చెప్పుకున్నాడు. సీసీటీవీలో కనిపించినవాడికి మీసం లేదు, తనకుంది, ఆ మాత్రం కూడా ఎవరూ చూసుకోలేదన్నది అతని బాధ.

ఈ రెండు వార్తల్నీ ఎవరూ పక్కపక్కన పెట్టి చదివి ఉండరు. దుర్గ్ పక్కనే భిలాయిలో ఉన్నవాళ్లం మాత్రం చదవాలి. ఎందుకంటే పోలీసులు పంచుకునే జాబితాల బలమూ బలహీనతా రెండూ మన ఊరి చరిత్రలోకి వచ్చేశాయి.

1955లో ఉక్కు కర్మాగారానికి సోవియట్‌తో ఒప్పందం, 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్. అప్పట్నుంచి భిలాయి పేరు చెబితే రైలు పట్టాలు గుర్తొచ్చేవి. శ్రీకాకుళం నుంచీ విజయనగరం నుంచీ వచ్చి ఇక్కడ సెక్టార్లలో, ఖుర్సీపార్‌లో స్థిరపడ్డ మన కుటుంబాలు ఆ పేరు చెప్పుకొనే పిల్లల్ని చదివించుకున్నాయి. ఇప్పుడు బయటి ఊళ్లలో భిలాయి అనగానే చాలామంది అడిగేది మహదేవ్ బెట్టింగ్ యాప్ గురించి. ఇక్కడ జ్యూస్ దుకాణం నడిపిన సౌరభ్ చంద్రాకర్, అతని సహచరుడు రవి ఉప్పల్ దుబాయి నుంచి ఆ బెట్టింగ్ సామ్రాజ్యాన్ని నడిపారన్నది ఈడీ అభియోగం. 2023 ఫిబ్రవరిలో రస్ అల్ ఖైమాలో జరిగిన చంద్రాకర్ పెళ్లికి సుమారు 200 కోట్ల రూపాయలు నగదుగా ఖర్చయిందని కూడా ఈడీయే చెప్పింది. బెట్టింగ్ ప్యానెళ్లు నడపడానికి వెళ్లిన కుర్రాళ్లూ, కాస్త డబ్బుకు ఆశపడి బ్యాంకు ఖాతాను పరాయివాళ్ల చేతికిచ్చిన కుర్రాళ్లూ మన వీధుల్లోవాళ్లే. వాళ్లలో కొందరు జైలుకెళ్లారు. పైవాళ్ల సంగతి అంత తేలిగ్గా తెమల్లేదు. ఈడీ కోరిక మీద ఇంటర్‌పోల్ రెడ్ నోటీసులు ఇచ్చింది. 2023 డిసెంబరులో ఉప్పల్‌ను, 2024 అక్టోబరులో చంద్రాకర్‌ను దుబాయిలో అదుపులోకి తీసుకున్నట్టు వార్తలొచ్చాయి. భిలాయిలో చాలామంది, ఇక నేడో రేపో రాయ్‌పూర్ కోర్టులో చూస్తాం అనుకున్నారు. 2025 నవంబరుకు వచ్చేసరికి, ఉప్పల్ ఎక్కడున్నాడో వెతికి పట్టుకోండని సుప్రీంకోర్టు ఈడీకి చెప్పాల్సి వచ్చింది.

రెడ్ నోటీసు అంటే అంతర్జాతీయ అరెస్టు వారెంటు అని మన పత్రికలు రాస్తూనే ఉన్నాయి. కాదు. లియాన్ నగరంలోని ఇంటర్‌పోల్ ఎవరినీ అరెస్టు చేయదు. ఫలానా మనిషి ఫలానా దేశానికి కావాలి, కనిపిస్తే తాత్కాలికంగా ఆపండి అని 196 సభ్యదేశాలకు చెప్పే విన్నపం అది. దానికి ఎంత విలువ ఇవ్వాలన్నది ఆయా దేశాల చట్టం ఇష్టం. ఆపిన మనిషిని మనకు అప్పగించాలంటే ఒప్పందం కావాలి, సాక్ష్యాలతో ఫైలు కావాలి, అక్కడి న్యాయవ్యవస్థ ఒప్పుకోవాలి. యూఏఈతో మనకు 1999లోనే నేరస్థుల అప్పగింత ఒప్పందం కుదిరింది. అయినా కథ ఇక్కడికొచ్చి ఆగింది.

ఇదే నోటీసు మనవాళ్ల మీదికి మరో దిక్కు నుంచి వచ్చిన సందర్భమూ ఉంది. 2019లో పారిశ్రామికవేత్త నిమ్మగడ్డ ప్రసాద్‌ను సెర్బియా పోలీసులు బెల్‌గ్రేడ్‌లో నిలిపేశారు. వాడరేవు–నిజాంపట్నం వాన్‌పిక్ ఓడరేవు, పారిశ్రామిక ప్రాజెక్టు పెట్టుబడుల మీద ఫిర్యాదు చేసింది రస్ అల్ ఖైమా. చంద్రాకర్ పెళ్లి జరిగిన చోటే.

జాబితాలే వద్దని నేననను. 2014 మార్చిలో మాయమైన మలేసియా విమానం ఎంహెచ్370లో ఇద్దరు దొంగ పాస్‌పోర్టులతో ఎక్కారు. ఒకటి ఇటలీది, ఒకటి ఆస్ట్రియాది. రెండూ పోయినట్టు ఇంటర్‌పోల్ జాబితాలో అప్పటికే నమోదై ఉన్నాయి. కౌలాలంపూర్‌లో ఎవరూ సరిచూడలేదు. విమానం మాయం కావడానికీ వాళ్లకూ సంబంధం తేలలేదనుకోండి, కానీ ఉన్న జాబితాను చూడకపోతే ఏమవుతుందో ప్రపంచానికి ఆరోజు తెలిసింది. మహదేవ్ లాంటి కేసుల్లో దుర్గ్ పోలీసు అధికారి ఉత్తరాలు, ఫ్యాక్సులతో నెలలు పోగొట్టుకోకుండా, సీబీఐ ద్వారా విదేశీ పోలీసుల సాయం త్వరగా కోరడానికి భారత్‌పోల్ దారి తెరిచింది. అది మంచిదే.

నన్ను కలవరపెట్టేది వేగం ఒక్కటే పెరిగి, జాగ్రత్త ఉన్నచోటే ఉండిపోవడం. జాగ్రత్త పడితే దొంగలు తప్పించుకుంటారని చాలామంది పోలీసు అధికారులు నమ్ముతారు. జరిగింది అందుకు విరుద్ధం. భారత్ వెతుకుతున్న ఐపీఎల్ మాజీ అధిపతి లలిత్ మోదీకి ఇచ్చిన పాస్‌పోర్టును రద్దు చేయమని 2025 మార్చిలో ఆదేశిస్తూ వనువాటు ప్రధాని జోథం నపాట్ ఒక మాట చెప్పారు: అతని మీద హెచ్చరిక పెట్టాలన్న భారత్ విన్నపాన్ని, తగిన న్యాయపరమైన ఆధారాలు లేవంటూ ఇంటర్‌పోల్ రెండుసార్లు తిప్పికొట్టిందట. కాగితం బలంగా లేకపోవడం వల్ల మేలు జరిగింది ఎవరికి? ఉప్పల్ దగ్గర కూడా వనువాటు పాస్‌పోర్టు ఉందని ఈడీ చెప్పిన సంగతి ఇక్కడ గుర్తుంచుకోవాలి. పాస్‌పోర్టు కొనుక్కోగలిగినవాడికి మన తొందరపాటే అండ. జనరల్ బోగీలో వెళ్లేవాడికి అదే ఉరి.

దేశం దాటకుండా ఆపడానికి విమానాశ్రయాల్లో పెట్టే లుక్‌అవుట్ సర్క్యులర్ సంగతి చూడండి. అమెరికాలోనో గల్ఫ్‌లోనో పిల్లలున్న తెలుగు ఇళ్లలో, కాపురాల్లో గొడవలొచ్చి 498ఏ కేసు పడ్డ ఇళ్లలో, ఈ మాట అందరికీ తెలుసు. కేసు నిజమైనదే కావచ్చు; కష్టపడ్డ ఆడపిల్లకు నిందితుణ్ణి ఆపడం తప్ప వేరే దిక్కు లేకపోవచ్చు. అయితే రాజీ కుదిరి కేసు కొట్టేశాక కూడా పేరు కంప్యూటర్లో నిలిచి ఉంటే? హోంశాఖ 2021 ఫిబ్రవరి ఆదేశం ప్రకారం, పెట్టినవాళ్లు తీసేయమని రాసేదాకా సర్క్యులర్ తనంతట తాను పోదు. మూడు నెలలకోసారి, ఏడాదికోసారి సమీక్షించాలని అందులోనే ఉంది. సమీక్ష జరగలేదని ప్రయాణికుడికి తెలిసేది ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గరే.

ఇంటర్‌పోల్‌కు లోపాలెన్నో ఉన్నా, దాని ఫైళ్ల మీద నిఘాకు వేరే కమిషన్ ఉంది. ప్రపంచంలో ఎవరైనా రుసుము లేకుండా దానికి రాసుకోవచ్చు. తప్పుడు సమాచారం తొలగించమన్న దరఖాస్తును, అది విచారణకు తగినదని తేలాక, తొమ్మిది నెలల్లో తేల్చాలని నియమం. అంటే ఖుర్సీపార్‌లో ఉన్న మనిషి లియాన్‌ను నిలదీయగలడు. ముంబయి నుంచి దుర్గ్‌కు ఫోన్లో వచ్చిన ఫోటో గురించి ఎవరిని అడగాలి? 2022 నాటి నేర గుర్తింపు చట్టం వేలిముద్రలు, ఫోటోల వంటి వివరాలను 75 ఏళ్లు దాచుకోమంటుంది. నిర్దోషిగా బయటపడ్డవారివి చెరిపేయమనీ అంటుంది. ఆ చెరిపివేత జరిగిందో లేదో ఆ మనిషికి రాతపూర్వకంగా చెప్పే ఏర్పాటు ఆ చట్టంలో లేదు. 2023 డేటా రక్షణ చట్టమేమో, ప్రభుత్వం ఎంచుకున్న సంస్థలను దేశ భద్రత, శాంతిభద్రతల పేరిట తన పరిధి నుంచే తప్పించే వీలిస్తుంది.

కాబట్టి మన ఎంపీ, ఎమ్మెల్యేలను అడగాల్సింది స్పష్టం. ఎవరి పేరైనా, ముఖమైనా ఇంకో పోలీసుకు పంపిన అధికారి సంతకం దాని మీద ఉండాలి. తప్పని తేలిన రోజే వెనక్కి తీసుకునే కాగితం కూడా ఆ సంతకంతోనే, అది వెళ్లిన ప్రతి చోటికీ వెళ్లాలి. భారత్‌పోల్‌లో పౌరుడు అర్జీ పెట్టుకునే కిటికీ ఒకటి తెరవాలి, గడువుతో సహా. పోయిన ఉద్యోగానికి పరిహారం ఎవరిస్తారో చట్టంలో రాయాలి. పట్టుకున్నప్పుడు ఫోటోతో పత్రికా ప్రకటన ఇచ్చిన స్టేషనే, వదిలినప్పుడు ‘ఇతను నిర్దోషి, పొరపాటు మాది’ అని అదే పత్రికలకు, అంతే పెద్దగా ప్రకటన ఇవ్వాలి. దుర్గ్‌లో దింపేసిన ఆ డ్రైవర్‌కు అలాంటి కాగితం ఒకటి ఇచ్చి ఉంటే, పెళ్లివారికి చూపించుకోవడానికి చేతిలో ఏదో ఒకటి ఉండేది.