పిలుపులూ పేరంటాలూ – ఒక చిన్న కళాశాల

చాలా నెలల తరువాత మళ్ళీ ఇటు వచ్చాను. ఈ శుక్రవారంలోగా నేనొక సలహాపత్రం ఆంగ్లంలో వ్రాసి ఇవ్వవలసి ఉంది. అంతకు ముందు నా ఆలోచనలను మన భాషలో ఒకసారి పరచి చూసుకోవాలనిపించింది. తెలుగులో చెప్పలేని వాదం నాకే సరిగా అర్థం కాలేదని నా చిరకాలపు అనుమానం.

విషయమేమంటే, అమెరికా మధ్యపశ్చిమ ప్రాంతంలో ఒక చిన్న కళాశాలలో నేను గణితం బోధిస్తాను. విద్యార్థులంతా కలిసి 1200 మందికి మించరు. ఇక్కడ మూడు సొరోరిటీలు ఉన్నాయి. సొరోరిటీ అంటే విద్యార్థినుల సోదరీ సంఘం. గ్రీకు అక్షరాల పేర్లు, కలిసి ఉండడానికి ఒక ఇల్లో వసతిగృహంలో ఒక అంతస్తో, చందాలు, సేవాకార్యక్రమాలు, బయటకు చెప్పని కొన్ని తంతులు, చదువు ముగిసినా వీడని స్నేహాలు – స్థూలంగా ఇదీ దాని స్వరూపం. ఇందులో చేరాలంటే దరఖాస్తు పెట్టుకుంటే చాలదు. లోపలివారు పిలవాలి. ఆ పిలుపును 'బిడ్' అంటారు. ఎవరిని ఎప్పుడు చూడాలి, ఎలా పిలవాలి అన్న విధానానికి రిక్రూట్‌మెంట్ అని పేరు. పూర్వం 'రష్' అనేవారు. ఇప్పటికీ వాడుకలో ఆ మాటే ఎక్కువ.

వచ్చే సంవత్సరం మా ఆవరణలో ఏ పద్ధతి పాటించాలో మూడు సంఘాల ప్రతినిధులు ఓటు వేసి నిర్ణయిస్తారు. సంఘానికొక ఓటు. నాకు ఓటు లేదు. అధ్యాపక సలహాదారునని అభిప్రాయం మాత్రం అడిగారు. ఈ గొడవ మనకెందుకని మీరనవచ్చు. మన ఇళ్ళ పిల్లలు ఎంతోమంది ఇటువంటి కళాశాలల్లో చదువుతున్నారు. ఏ తలుపు ఎప్పుడు తెరుస్తారో తెలియక బయట నిలబడేవారిలో వారూ ఉన్నారు. ఆ సంగతి దిగువన చెబుతాను.

ముందు కొంచెం చరిత్ర. ఈ సంఘాలు పెద్ద విశ్వవిద్యాలయాలలో పుట్టి చిన్నచోట్లకు పాకాయని చాలామంది అనుకుంటారు. నిజం అందుకు విరుద్ధం. పై బీటా ఫై 1867లోనూ, కప్పా కప్పా గామా 1870లోనూ ఇలినాయ్ రాష్ట్రంలోని మన్‌మత్ అనే చిన్న కళాశాలలో పుట్టాయి. కప్పా ఆల్ఫా థీటా అదే 1870లో ఇండియానాలోని గ్రీన్‌కాసిల్ ఊళ్ళో పుట్టింది. తరగతి నిండా మగవారే ఉన్న రోజుల్లో, వేళ్ళమీద లెక్కించదగిన ఆడపిల్లలు ఒకరికొకరు తోడుండడానికి కట్టుకున్న గూళ్ళు అవి. వీటికి సొరోరిటీ అన్న పేరు అప్పటికింకా లేదు. 1882లో సిరక్యూస్‌లో ఒక లాటిన్ ఆచార్యుడు గామా ఫై బీటా అమ్మాయిల కోసం దాన్ని వాడుకలోకి తెచ్చాడు. సంఘాలు పెరిగిన కొద్దీ కొత్త విద్యార్థినుల కోసం పోటీ పెరిగింది. ఒకరికంటే ముందు మరొకరు ఎగబడి ఎగరేసుకుపోవడం మొదలైంది. 'రష్' అన్న పేరు ఆ తొందరపాటును తలపిస్తుంది. 1902లో ఈ సంఘాలు చికాగోలో సమావేశమై ఉమ్మడి నియమాలకు పూనుకున్నాయి. ఇప్పటి నేషనల్ ప్యాన్‌హెలెనిక్ కాన్ఫరెన్స్‌కు అది నాంది.

ఇప్పుడు మా ముందున్నవి మూడు దారులు.

మొదటిది పూర్తి కట్టుబాటు గల పద్ధతి. అమ్మాయిలు ముందుగా పేరు నమోదు చేసుకుంటారు. తొలి విడతలో అందరూ అన్ని సంఘాలనూ దర్శిస్తారు. తరువాత ప్రతి విడతకూ సంఘాలు కొందరిని తగ్గిస్తాయి, అమ్మాయిలూ కొన్ని సంఘాలను వదులుకుంటారు. చివరి విడత ముగిశాక ఇరుపక్షాల ఇష్టాలనూ వరుసక్రమంలో వ్రాయించి జతపరుస్తారు. ప్రతి సంఘానికీ ఒక కోటా ఉంటుంది. ఉదాహరణకు చివరకు 48 మంది మిగిలితే, మూడు సంఘాలకూ తలా 16.

మూడవది దీనికి పూర్తిగా ఎదురు. విడతలు లేవు, జతపరచడం లేదు. సంవత్సరం పొడుగునా, నియమిత సభ్యసంఖ్య నిండేదాకా, ఎవరు నచ్చితే వారిని పిలుచుకోవచ్చు. కాఫీకి రమ్మని పరిచయం పెంచుకుని పిలుపు చేతిలో పెడతారు.

ఈ రెండింటికీ నడుమ పాక్షిక కట్టుబాటు గలది రెండవది. విడతలు తక్కువ, ఆర్భాటం తక్కువ. కానీ మొదట అందరికీ తెరిచిన తలుపు, చివర జతపరచడం ఉంటాయి.

మొదటి పద్ధతిని తెలుగువారికి వివరించడం చాలా తేలిక. పెళ్ళిచూపులే. ముస్తాబు, చిరునవ్వు, పలహారం, ఇరవై నిమిషాల మాటామంతీ, ఆపైన "ఏ సంగతీ కబురు చేస్తాం". చివరిభాగం మన డాక్టర్లకు మరీ బాగా తెలుసు. రెసిడెన్సీ కోసం మార్చి నెలలో 'మ్యాచ్' ఫలితానికి గుండెలు అరచేత పట్టుకుని కూర్చున్న తెలుగు ఇళ్ళు అమెరికాలో ఎన్ని లేవు! ఈ పోలిక నా కల్పన కాదు. 1991లో సూసన్ మంగెల్, ఆల్విన్ రాత్ అనే ఇద్దరు సొరోరిటీల జతకూర్పును డాక్టర్ల జతకూర్పు పక్కన పెట్టి పరిశీలించి ఒక పత్రం ప్రకటించారు. రాత్‌కు 2012లో అర్థశాస్త్ర నోబెల్ వచ్చింది. వారు గమనించిన ఒక సంగతి నాకు మరపురాదు. చాలామంది అమ్మాయిలు ఇష్టాల జాబితాను పూర్తిగా నింపరు. ఒక్క పేరు వ్రాసి ఊరుకుంటారు. కాగితం మీద ఆ విధానం ఎటువంటిదైనా, ఆచరణలో అది నిలబడడానికి వారి ఈ ప్రవర్తన కూడా ఒక కారణమని ఆ రచయితలు చూపారు.

వేలమంది అపరిచితులున్న చోట ఇటువంటి యంత్రం కావాలి, ఒప్పుకుంటాను. అలబామా విశ్వవిద్యాలయం వంటి చోట ఒక్క ఆగస్టులోనే రెండువేల మందికి పైగా అమ్మాయిలు దీనికి నమోదవుతారు. కాఫీకి పిలిచి అందరినీ తెలుసుకోవడం అక్కడ జరిగే పని కాదు. అక్కడ కాదనిపించుకున్న అమ్మాయి మరునాడు జనసముద్రంలో కలిసిపోగలదు. మా దగ్గర ఆ సముద్రం లేదు.

మా కళాశాలలో పూర్తి కట్టుబాటు ఉన్న ఏడాది, నా ఉదయం ఎనిమిదింటి కలన గణితం తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. ముందువరుసలో కూర్చునేది, తప్పో ఒప్పో ముందు తనే చేయి ఎత్తేది. రెండవ విడత తరువాత ఒక శుక్రవారం తెల్లవారాక ఆమెకు ఫోను వచ్చింది, తదుపరి విడతకు ఏ సంఘమూ పిలవలేదని. గంటలో తరగతి. ఆమె పక్క కుర్చీలో ఒక సంఘం సభ్యురాలు కూర్చుంది. నిన్న రాత్రి ఈమెతో ఆమె పెంపుడు కుక్క గురించి నవ్వుతూ మాట్లాడిన పిల్లే. ఎంపిక మంతనాలు గోప్యం కనుక ఎందుకని అడిగే హక్కు ఈమెకు లేదు, చెప్పే వీలు ఆమెకు లేదు. ఆ సెమిస్టరు ముగిసేదాకా ఆ అమ్మాయి మధ్యాహ్నం రెండు దాటాక, జనం పలచబడ్డాకనే భోజనశాలకు రావడం నేను గమనించాను. మాకున్నది ఒక్కటే భోజనశాల.

అది చూసి, మరుసటి ఏడాది పద్ధతి మార్చమని గట్టిగా వాదించినవారిలో నేనూ ఒకరిని. విడతలు పోయాయి. అందరం ఊపిరి పీల్చుకున్నాం. ఆ శరదృతువులో ఎవరూ ఏడవలేదు. ఎంత నాగరికంగా ఉందో అనుకున్నాను.

నవంబరులో ఒక తెలుగు అమ్మాయి నా గదికి వచ్చింది. తల్లిదండ్రులది తెనాలి దగ్గర పల్లె, పిల్ల పెరిగింది ఇక్కడే. తరగతిలో ప్రొఫెసర్ అంటుంది, గది తలుపు వేస్తే ఆంటీ అంటుంది. "ఆంటీ, సొరోరిటీ వాళ్ళు ఎప్పుడు సెలెక్ట్ చేశారు? నాకసలు తెలియనే లేదు" అంది. ఫిర్యాదులా కాదు, బస్సు వేళలు కనుక్కుంటున్నట్లు అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఎప్పుడూ చేయలేదు, ఎప్పుడూ చేస్తూనే ఉన్నారు. వాలీబాల్ జట్టువారు జట్టువారిని పిలిచారు. ఒకే ఉన్నత పాఠశాల నుండి వచ్చినవారు తమ వెనుకటి తరగతివారిని పిలిచారు. ఈమెను ఎవరూ కాదనలేదు. ఎవరూ కాదనవలసిన అవసరమే రాలేదు.

ఆ రాత్రి నాకు మా అమ్మ గుర్తుకు వచ్చింది. శ్రావణమాసంలో పేరంటానికి కుంకుమభరిణ పట్టుకుని మా వీధిలో ఇంటింటికీ వెళ్ళి బొట్టు పెట్టి పిలిచేది. ఒక ఇంటివారితో మాకు సరిహద్దు గోడ తగాదా, మాటలు లేవు. ఆ ఇంటికీ వెళ్ళేది. "రావడం మానడం వాళ్ళిష్టం. పిలవకపోతే తప్పు మనది" అనేది. ఆ మాటను నేను చాలాకాలం గర్వంగా చెప్పుకున్నాను. కానీ నిజం పూర్తిగా చెప్పాలి. ఆ కుంకుమభరిణ మా వీధి మలుపు దాటి వెళ్ళేది కాదు. మలుపు అవతల ఎవరుండేవారో మీకు వేరే చెప్పనక్కరలేదు. వీధిలోనే ఇద్దరు వితంతువుల ఇళ్ళ ముందు అది ఆగేది కాదు. ఎవరినీ అవమానించాలని అమ్మకు లేదు. ఎరిగినవారిని పిలిచింది, అంతే. ఎరిగినవారి హద్దు ఎక్కడ గీశారో ఆమె ఎన్నడూ చూడలేదు. నేనూ అడగలేదు.

ఈ దేశంలోనూ ఆ హద్దు ఉంది. 2013లో అలబామా విశ్వవిద్యాలయపు విద్యార్థి పత్రిక, నల్లజాతి అమ్మాయిలను అక్కడి శ్వేతజాతి సంప్రదాయ సొరోరిటీలు వర్ణం కారణంగా తిప్పిపంపుతున్నాయని బయటపెట్టింది. గొడవ పెద్దదై పిలుపులు మళ్ళీ తెరవవలసి వచ్చింది. అది పూర్తి కట్టుబాటు ఉన్న చోటే కదా అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. నియమాలు పక్షపాతాన్ని పోగొట్టవు. కానీ అందరినీ ఒకే బంతిలో కూర్చోబెట్టినప్పుడు వలపక్షం కంటికి కనబడుతుంది. వచ్చినవారెవరో, పిలుపు అందనివారెవరో లెక్క ఉంటుంది. లెక్క ఉన్నచోట నిలదీయవచ్చు. కాఫీ బల్లల దగ్గర జరిగేదానికి లెక్క లేదు.

కనుక నేను శుక్రవారం వ్రాయబోయేది రెండవ పద్ధతికి అనుకూలంగా. అయితే కొన్ని షరతులతో.

ఒకటి, ఇది ఆగస్టులో కాక జనవరిలో జరగాలి. అప్పటికి అమ్మాయిలకు ఒక సెమిస్టరు చదువు, ఒకరిద్దరు సొంత స్నేహితురాళ్ళు ఉంటారు. కాదనిపించుకున్నా ఒంటరివారు కారు. ఈలోగా సభ్యులు కొత్తవారితో మాట్లాడరాదన్న మౌనవ్రతం మాత్రం వద్దు; ఒకే ప్రయోగశాలలో పక్కపక్కన నిలబడేవారు పలకరించుకోకుండా ఎలా ఉంటారు?

రెండు, తొలి సాయంత్రం ప్రతి ఒక్కరూ మూడు సంఘాలనూ చూడాలి. నమోదు రుసుము ఉండరాదు. సెమిస్టరుకు చందా ఎంతో ఆ సాయంత్రమే కాగితం మీద చూపాలి. డబ్బు సంగతి చివర తెలిసి వెనుదిరగడం కంటె మొదటే తెలియడం మర్యాద.

మూడు, చివరి విడత, కోటా, జతపరచడం ఉండాలి. ఇది చిన్న సంఘానికి రక్ష. మా మూడింటిలో ఒకదానికి సభ్యులు బాగా తక్కువ. ఎవరికి వారు పిలుచుకునే పద్ధతిలో పేరున్న ఇళ్ళు ముందు నిండుతాయి. అది మూతపడితే మిగిలేవి రెండు, అప్పుడు కాదనిపించుకునేవారు ఇంకా పెరుగుతారు.

నాలుగు, పిలుపు అందని అమ్మాయికి ఫోను కాదు, ఈమెయిలు కాదు, మనిషి వెళ్ళి చెప్పాలి. ఆ పని విద్యార్థినుల మీద వేయవద్దు. నేను వెళతాను. సభ్యసంఖ్య నిండని సంఘాలు ఆపైన కూడా పిలవడానికి నియమాలు అనుమతిస్తాయి. ఆ సంగతీ అప్పుడే చెబుతాను.

ఇంత తలనొప్పి పడేకన్నా ఈ సంఘాలనే ఎత్తివేయరాదా అని నా సహాధ్యాపకులు కొందరు అంటారు. ఆ వాదంలో బలముంది. కానీ 1998లో హ్యూస్టన్ విశ్వవిద్యాలయంలో దక్షిణాసియా అమ్మాయిలు డెల్టా ఫై ఒమేగా అని తమ సొంత సొరోరిటీ పెట్టుకున్నారు. తలుపు కనబడనివారు కూడా కోరుకున్నది ఇల్లు లేకపోవడం కాదు. నాలుగు వేలమంది ఉన్నచోట సొంత ఇల్లు కట్టుకోవచ్చు. మా దగ్గర తెలుగు అమ్మాయిలు ఈ ఏడాది ఇద్దరు. వారు ఇల్లు కట్టుకోలేరు. ఉన్న ఇంటి గడప దగ్గర ఒకసారి మర్యాదగా నిలబడే అవకాశం ఇవ్వాలి.

నా సలహాతో కూడా ఏ జనవరిలోనో ఒక అమ్మాయి రెండు దాటాక భోజనానికి వస్తుంది. అది నాకు తెలుసు. తెలిసే వ్రాస్తున్నాను. ఆ నొప్పికి నేను బాధ్యత వహించగలను, వెళ్ళి ఎదుట కూర్చోగలను. నవంబరులో నా గదికి వచ్చిన పిల్లకు మాత్రం ఏమి చెప్పాలో నాకు ఇప్పటికీ తోచలేదు.

ఓటింగు ఫలితం తెలిశాక ఇక్కడే వ్రాస్తాను. మీ పిల్లలు ఇటువంటి చోట చదువుతూ ఉంటే, లేక మీరే చదివి ఉంటే, మీకు ఏ పద్ధతి ఎదురయిందో చెప్పండి. నాతో ఏకీభవించనివారు మరీ తప్పక చెప్పండి. శుక్రవారం సాయంత్రం దాకా మార్చుకోవడానికి వ్యవధి ఉంది.