లోహలోకం: చింతపండు మెరుపు, ఇత్తడి మంచితనం



ఎన్.సి.సి. శిబిరం నుండి తిరిగివచ్చిన మన కాలనీ విద్యార్థి ఒకడు ఇటీవల నన్ను రెండు ప్రశ్నలడిగాడు. "అంకుల్, కాల్చిన తూటాల ఖాళీ గుల్లలను ఒక్కటి కూడా వదలకుండా లెక్కపెట్టి ఎందుకు తీసుకుంటారు? దూరపు గురికి మంచి ఇత్తడి, చెడ్డ ఇత్తడి అన్న తేడా ఉంటుందా?" మొదటిదానికి జవాబు సులభం: అది భద్రతకు సంబంధించిన లెక్క. రెండవ ప్రశ్న మాత్రం నన్ను ముప్పై ఏళ్ల వెనుకకు తీసుకుపోయింది.

తూటా గుల్లలకు సాధారణంగా వాడే ఇత్తడిలో నూటికి 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు ఉంటాయి. దీనినే కార్ట్రిడ్జ్ బ్రాస్ అంటారు. ఈ పాళ్లలో ఇత్తడికి సాగే గుణం దాదాపు అత్యధికంగా ఉంటుంది. గుండ్రని బిళ్లను గిన్నెగా నొక్కి, ఆ గిన్నెను అంచెలంచెలుగా సాగదీసి, మధ్యమధ్య కాచి మెత్తబరచి గుల్లగా మలుస్తారు. జింకు మరీ పెరిగితే లోహంలో పెళుసైన భాగం ఏర్పడుతుంది. లేతు పనికి అనువుగా సీసం కలిపిన ఇత్తడి ఈ సాగదీతకు పనికిరాదు. అందుచేత ప్రమాణాలలో రాగి 68.5 నుండి 71.5 శాతం వరకు, సీసం 0.07 శాతానికి మించరాదు అన్నంత కచ్చితమైన హద్దులుంటాయి.

కాల్చిన క్షణంలో గుల్ల ఉబ్బి, తుపాకీ గదిని అంటుకుని, వాయువు వెనుకకు రాకుండా అడ్డుకోవాలి. మరుక్షణమే కొంత ముడుచుకుని సులభంగా బయటికి రావాలి. ఇందుకు అడుగుభాగం గట్టిగాను, మెడ మెత్తగాను ఉండాలి. కొన్ని గుల్లల మెడపై కనిపించే నీలి గోధుమ మచ్చ తయారీ లోపం కాదు. మెడను కాచి మెత్తబరచిన గుర్తు. ఇక వెయ్యి గజాల గురిలో మరొక సూక్ష్మమున్నది. గుల్లల లోపలి ఘనపరిమాణంలో, మెడ మందంలో తేడాలుంటే గుండు వేగం మారుతుంది. వేగం తగ్గిన గుండు కాస్త కిందికి పోతుంది. వంద గజాలలో కంటికానని ఆ తేడా వెయ్యి గజాల వద్ద గురిని తప్పిస్తుంది. కాబట్టి అక్కడ మంచి ఇత్తడి అంటే అన్నీ ఒకే తీరుగా ఉన్న ఇత్తడి. దానిని నిర్ణయించేవి తూనిక, కొలత మాత్రమే, మెరుపు కాదు.

ఇదే ఇత్తడికి మన బస్తరులో మరొక జీవితమున్నది. జగదల్‌పుర్ నుండి రాయపూర్ పోయే దారిలో కొండగావ్ వద్ద ఘడ్వా శిల్పులు మట్టి దిమ్మెపై తేనెమైనపు తీగలు చుట్టి, దానిపై మట్టి కప్పి, మైనాన్ని కరిగించి, ఆ చోటులో ఇత్తడి పోస్తారు. పాత బిందెలు, చెంబులు, విరిగిన సామాను ఆ మూసలో చేరుతాయి. జింకు 907 డిగ్రీల సెంటిగ్రేడుకే మరిగి ఆవిరయ్యే లోహం. అందువల్ల కరిగించిన ప్రతిసారీ ఇత్తడి పాళ్లు కొంత మారుతూనే ఉంటాయి. ఆ ఏనుగుకు, ఆ దీపకన్యకు దానివల్ల లోటేమీ లేదు. ఇత్తడి మంచిదా కాదా అన్న ప్రశ్నకు "దేనికి?" అన్న ఎదురుప్రశ్నే తొలి జవాబు.

ఈ ఎదురుప్రశ్న వేసుకోకపోవడమే నా తప్పు. బస్తరుకు రాకముందు మరొకచోట నేను చిన్న ఇంజనీరుగా ఉన్నప్పుడు, గాలి గొట్టాలకు బిగించే ఇత్తడి నట్లు రెండు వందలు వచ్చాయి. బంగారంలా మెరుస్తున్నాయి. "పరీక్షకు నాలుగు పంపుదామా సార్?" అని స్టోర్సులోని పెద్దాయన అడిగాడు. పని తొందర, వద్దని సంతకం చేశాను. ఆ వర్షాకాలం గడిచేసరికి, అలమరలో కదపకుండా ఉంచినవి కూడా సన్నని గీతలతో పగిలి కనిపించాయి. బిగించినవాటిలో ఒకటి విరిగి గొట్టం ఊడి కొరడాలా లేచింది. ఆ సమయానికి అక్కడ ఎవరూ లేరు. అది మా అదృష్టమే గాని నా ముందుచూపు కాదు.

కారణం తరువాత తెలిసింది. పక్క గదిలో తోటపనికి తెచ్చిన ఎరువుల బస్తాలున్నాయి. వాటి నుండి వెలువడిన అమోనియా, వానకాలపు తేమ, నట్లను తయారుచేసినప్పుడు లోపల మిగిలిపోయిన ఒత్తిడి: ఈ మూడూ కలిశాయి. ఇది కొత్త రోగమేమీ కాదు. పందొమ్మిదవ శతాబ్దంలో మన దేశంలోనే, బ్రిటిష్ సైన్యం గుర్రపుశాలల వద్ద నిలువ చేసిన తూటా గుల్లలు వర్షాకాలంలో తమంత తామే పగిలేవి. గుర్రాల మూత్రం నుండి వచ్చే అమోనియాయే అందుకు కారణం. ఋతువునుబట్టి వచ్చినందున దానికి 'సీజన్ క్రాకింగ్' అని పేరు. 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్సన్ అనే శాస్త్రజ్ఞులు దాని తీరును, నివారణను వివరించారు. సుమారు 260 డిగ్రీల వద్ద ఒక గంట కాచితే, గట్టిదనం పెద్దగా తగ్గకుండానే లోపలి ఒత్తిడి చాలావరకు సడలుతుంది. నేను వద్దన్న పరీక్ష ఆ ఒత్తిడినే పట్టి ఇచ్చేది. గనులలో బ్లాస్టింగ్‌కు వాడే అమ్మోనియం నైట్రేట్ దరికి రాగి, ఇత్తడి పనిముట్లు రానీయకూడదన్న జాగ్రత్తను మన యువ సిబ్బంది ఈ సందర్భంగా మరొకసారి మననం చేసుకోవాలి.

మా అబ్బాయికి చెప్పిన మాటే మీకూ మనవి చేస్తున్నాను. గృహిణులకు తెలియనిది కాదు: చింతపండుతో తోమితే ఏ ఇత్తడైనా మెరుస్తుంది. ఆ మెరుపు చింతపండుది. ఇత్తడి మంచితనం దాని పాళ్లలో, అది పొందిన కాపులో, ఒకదానితో మరొకటి సరిపోలడంలో ఉన్నది. పైన పటారం, లోన లొటారం అన్న సామెత మనుషులకే కాదు, లోహాలకూ వర్తిస్తుంది.

పగిలిన ఆ నట్టు ఒకటి నేటికీ నా బల్లపై ఉన్నది. తొందరలో సంతకం చేయవలసి వచ్చినప్పుడు ముందుగా దానివైపు చూస్తాను. "నాలుగు పరీక్షకు పంపుదామా?" అని ఎవరైనా అడిగితే మాత్రం వద్దనను.