మొదటి మెట్టు తీసేస్తే ఎలా?



నిద్ర పట్టడం లేదని, కడుపులో మంట అని, గుండె దడ అని మా ఓపీకి వచ్చే యౌవనస్థుల్లో డిగ్రీయో బీటెక్కో పూర్తి చేసి ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్నవారు ఈ మధ్య తరచు కనిపిస్తున్నారు. ఈసీజీ బాగానే ఉంటుంది, రక్తపరీక్షలూ బాగానే ఉంటాయి. వెంట వచ్చిన తల్లి మాత్రం "అంతా ఆ ఏఐ వల్లేనటండీ" అంటుంది. కాబట్టి ఈసారి షుగరు, బీపీల సంగతి పక్కనపెట్టి దీని గురించి రాస్తున్నాము.

ఈ భయం వట్టిదని మేము చెప్పము. చిలకలగూడ, మెట్టుగూడ, సీతాఫల్‌మండి పెద్దలకు ఇటువంటి మార్పు కొత్తా కాదు. రైల్వేలో గుమాస్తా ఉద్యోగం వస్తుందన్న ఆశతో టైపు లోయరు, హయ్యరు పాసైన తరం ఇంకా మన మధ్యనే ఉంది. కంప్యూటర్లు వచ్చి టైపు మిషన్లు అటకెక్కాయి. అయినా టైపు నేర్చిన వేళ్ళు కీబోర్డు మీద పనికొచ్చాయి.

మన ఆసుపత్రి లోకానికి ఇంకా దగ్గరి ఉదాహరణ మెడికల్ ట్రాన్‌స్క్రిప్షన్. 1990ల చివర, 2000ల తొలి సంవత్సరాల్లో హైదరాబాద్, సికింద్రాబాద్‌లలో ఎందరో డిగ్రీ పిల్లలకు అదే మొదటి ఉద్యోగం. అమెరికాలో డాక్టరు రోగిని చూసి తన మాటలు రికార్డు చేస్తే, అక్కడ రాత్రి అయ్యేసరికి ఇక్కడ మన పిల్లలు చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కాలితో పెడల్ తొక్కుతూ, ఆ మాటలను టైపు చేసి తెల్లారేలోగా పంపేవారు. జీతం లైన్ల లెక్కన. లైనంటే సాధారణంగా 65 అక్షరాలు. మొదట్లో తప్పులు ఎన్నో. పైన కూర్చున్న ఎడిటరు ఎర్ర గుర్తులు పెట్టి తిప్పి పంపేది. హైపోటెన్షన్‌కూ హైపర్‌టెన్షన్‌కూ తేడా పోతే రోగి ప్రాణం మీదికి వస్తుందని, ఫిఫ్టీన్ అన్నారో ఫిఫ్టీ అన్నారో తేలకపోతే ఖాళీ వదిలి అడగాలని అలాగే నేర్చుకున్నారు.

తరువాత మాటను అక్షరంగా మార్చే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. టైపు చేసేవారు యంత్రం రాసినదాన్ని దిద్దేవారయ్యారు, లైనుకు ఇచ్చే డబ్బు తగ్గింది. చాలామంది మెడికల్ కోడింగ్ వైపు మళ్ళారు. 2015 అక్టోబరులో అమెరికా ఐసీడీ-10 కోడ్లకు మారాక ఆ పని తెలిసినవారికి గిరాకీ పెరిగింది, అమీర్‌పేటలో బోర్డులు వెలిశాయి. ఇప్పుడు డాక్టరూ రోగీ మాట్లాడుకుంటుండగానే వినికిడితో కేస్‌షీటు రాసే ఏఐ వచ్చింది. కోడింగ్‌లోకీ వస్తోంది.

ఈ కథలో మమ్మల్ని కలవరపెట్టేది పని పోవడం ఒక్కటే కాదు. ఇంతకుముందు ఒక పని పోతే దాని పక్కన ఇంకో మొదటి మెట్టు ఉండేది. ఇప్పుడు చిన్న చిన్న పనులన్నీ ఒకేసారి యంత్రం చేతికి వెళుతున్నాయి. 2025 ఆగస్టులో స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అమెరికా జీతాల లెక్కలు పరిశీలించి, ఏఐ ఎక్కువగా చేయగల వృత్తుల్లో 22 నుండి 25 ఏళ్ళ వారి ఉద్యోగాలు ఇతరులతో పోలిస్తే సుమారు 13 శాతం తగ్గాయన్నారు. అనుభవజ్ఞులకు అంత దెబ్బ తగల్లేదు. అక్కడి లెక్క మనకు అచ్చంగా వర్తించకపోవచ్చు. కానీ ఒక్క మాట అడుగుతాము: అనుభవం ఉన్నవారే కావాలంటే, ఆ అనుభవం ఎక్కడ దొరుకుతుంది?

వైద్యంలో దీనికి జవాబు మాకు పాతదే. ఎలక్ట్రానిక్ బీపీ మిషన్లు వార్డు నిండా ఉన్నా, నర్సింగ్ విద్యార్థినికి స్టెతస్కోపుతో బీపీ చూడటం నేర్పుతారు. మిషను తప్పు చూపిన రోజు ఆమెకు అనుమానం రావాలి కదా! హౌస్ సర్జను కేస్‌షీటు తన చేత్తో రాస్తేనే రోగి చెప్పినదానిలో ఏది ముఖ్యమో తెలుస్తుంది. మాటలను రాసే ఏఐ కొన్నిసార్లు ఎవరూ అనని మాటలు కూడా రాసేస్తుందని 2024లో పరిశోధకులు చూపారు. దాన్ని పట్టుకోవలసిన కన్ను ఒక్క రోజులో తయారవదు. అందుకే కంపెనీలూ, మా వంటి ఆసుపత్రులూ యంత్రం కొన్నంత మాత్రాన కొత్తవారిని తీసుకోవడం మానకూడదని మా అభిప్రాయం. ముందు యంత్రం లేకుండా పని నేర్పాలి, తరువాత యంత్రం రాసినదాన్ని సీనియరు పక్కన కూర్చుని దిద్దించాలి. ఇందుకు ఖర్చవుతుంది, నిజమే.

జోస్యాలను మాత్రం అంతగా నమ్మనక్కరలేదు. ఏఐ పరిశోధనకు తరువాత 2024లో నోబెల్ బహుమతి అందుకున్న జెఫ్రీ హింటన్, 2016లో ఇక రేడియాలజిస్టులకు శిక్షణ ఆపేయవచ్చన్నారు. స్కానింగ్ చదివే ఏఐ వచ్చింది, రేడియాలజిస్టుల కొరత మాత్రం తీరలేదు.

తల్లిదండ్రులకు ఒక మాట. పక్కింటి అబ్బాయికి 2010లో వచ్చిన ప్యాకేజీతో మీ బిడ్డను పోల్చకండి. ఉద్యోగం ఇప్పిస్తామని ముందుగా లక్షలు డిపాజిట్ అడిగే బ్యాక్‌డోర్ కన్సల్టెన్సీల గడప తొక్కకండి. పనిచేయించుకునేవాడు జీతం ఇస్తాడు గాని తీసుకోడు. అల్లాడిపోతున్న కుటుంబాన్నే వాళ్ళు వెదుకుతారు. ఇంటర్ పిల్లలున్నవారు నర్సింగ్, ల్యాబ్ టెక్నీషియన్, ఫిజియోథెరపీ వంటి చేతిపని ఉన్న కోర్సులు కూడా ఒకసారి ఆలోచించండి. వీటిలో జీతాలు మొదట్లో తక్కువే, డ్యూటీలు కష్టమే. ఇష్టం లేని బిడ్డను నర్సింగ్‌లో చేర్పిస్తే బిడ్డకూ కష్టం, రోగికీ కష్టం.

యౌవనస్థులారా, రాత్రి రెండు గంటల వరకు ఫోనులో ఉద్యోగాలు వెదికితే ఎక్కువ దొరకవు, నిద్ర మాత్రం పోతుంది. రెండు వారాలకు మించి నిద్ర లేకపోయినా, ఆకలి తగ్గినా, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాకపోయినా, గ్యాస్ మాత్రలతో సరిపెట్టుకోకుండా డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పండి. బ్రతకాలని లేదన్న మాట ఇంట్లో ఎవరి నోటైనా వస్తే ఆ రోజే తీసుకురండి, వారిని ఒంటరిగా వదలకండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ నంబరు 14416. డబ్బు కట్టనక్కరలేదు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు.